ఆకు తప్ప మరేమీ లేదు

పద్నాలుగో వారం

పోయినవారం ఆవిరక్కని సొసైటీ హాలు గుమ్మంలో వదిలేశాం. తల మీద పుదీనా ఆకు మూట, చేతిలో ప్లాస్టిక్ బకెట్టు. లోపల బల్ల మీద ఒక కాగితం ఆమె సంతకం కోసం కాచుకుని ఉంది.

ఆ కాగితం సంగతి మరొక్కసారి చెప్పుకోవాలి. పుదీనా రైతులంతా కలిసి నడుపుకునే నూనె బట్టీలో ఇరవై రెండేళ్ళుగా ఆవిరి పట్టేది ఆమే. పని తండ్రి దగ్గర నేర్చుకుంది, పేరు బట్టీ దగ్గర సంపాదించుకుంది. ఈ ఏడు తీసిన పదకొండు డ్రమ్ముల నూనెనీ కంపెనీ వెనక్కి పంపేసింది. ఏ ఆకులోనూ ఇంత మెంథాల్ ఉండదు, ఫ్యాక్టరీలో చేసినది కొని కలిపారు అని ఉత్తరం రాసింది. బట్టీకి తాళం వేయించింది. కల్తీ తన చేతుల మీదుగానే జరిగిందని ఆవిరక్క ఒప్పుకుని, ఇక బట్టీ గడప తొక్కనని రాసిస్తే మిగతా రైతుల జోలికి రామంది. రాసివ్వకపోతే సొసైటీతో ఒప్పందమే ఉండదంది. సొసైటీ ప్రెసిడెంటు ఎవరో కాదు, ఆవిరక్క అన్నయ్య. ఆకు ముదిరి మెంథాల్ పెరిగిందని ఆమె ఎంత వాదించినా అతను వినలేదు. "బుధవారం పదింటికి మా చెల్లెలు వచ్చి సంతకం పెడుతుంది" అని అతనే మాటిచ్చి వచ్చాడు.

బుధవారం పది అయింది. చెల్లెలు వచ్చింది.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు ఎరువుల బస్తాల మీద కూర్చున్నారు. ముందు వరసలో, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఆవిరక్క నాన్న. ఆయన చుట్టుపక్కల అందరికంటే ముందు బట్టీ పెట్టిన మనిషి. బల్ల వెనక అన్నయ్య, కూతురి పెళ్ళినాడు కూడా అంత చెమట పట్టి ఉండదు అతనికి. పక్కన కంపెనీ కొనుగోలు ఆఫీసరు. చాలా మర్యాదస్తుడు. కుర్చీ తుడుచుకుని గానీ కూర్చోడు. పేదా గొప్పా అందరినీ "మీరు" అంటాడు. మెడ కోసేటప్పుడు కూడా "దయచేసి కాస్త తల వంచండి" అనే రకం. ఆయన పక్కన కంపెనీ లాబ్ అమ్మాయి, చేరి ఏడాది కాలేదు, ఒళ్ళో లావుపాటి ఫైలు, మెళ్ళో నల్లతాడుకి చిన్న భూతద్దం.

"రండమ్మా," అన్నాడు ఆఫీసరు పెన్ను మూత తీస్తూ. "ఒక్క సంతకం. ఐదు నిమిషాల పని."

"నాది మూడు గంటల పని సార్," అంది ఆవిరక్క. మూట దించింది. "మీ ఐదు నిమిషాలు దాని తర్వాత చూద్దాం."

"చెల్లీ!" అన్నాడు అన్నయ్య.

"ఉండన్నయ్యా. నన్ను దొంగ అన్నారు. దొంగతనం ఎలా చేశానో చూపించి పోతాను."

ఆమె వెనకే వదిన లోపలికి వచ్చింది. ఒక చంకలో పెద్ద కుక్కరు, ఇంకో చంకలో అంతకంటే పెద్ద కుక్కరు. తిన్నగా భర్త ముందు నుంచే నడిచి వెళ్ళి బల్ల చివర రెండూ పెట్టింది.

"అది మనింటి కుక్కరు కదూ?" అన్నాడు ప్రెసిడెంటు, ఉండబట్టలేక.

"అవును. ఇవాళ మధ్యాహ్నం మీకు వంట లేదు," అంది వదిన.

హాలంతా ఘొల్లుమంది. అందరికంటే పెద్ద నవ్వు మైకు మామది. ఆయన గొంతుకి మైకు అక్కర్లేదని ఆ పేరు. నవ్వితే కిటికీ అద్దాలు అదురుతాయి.

ఆఫీసరు నవ్వలేదు. "చూడండమ్మా, ఆ మూటలో ఏం కలిపి తెచ్చారో మాకెలా తెలుస్తుంది?"

ఆవిరక్క మూటని కాలితో గోడవారకి తోసేసింది. "అయితే అది వద్దు. ఈ హాలు వెనకాలే సొసైటీ మడి ఉంది. పిలకల కోసం మూడు సాళ్ళు కోయకుండా వదిలాం, అది ముదురాకు. పక్కన కోసిన చోట మళ్ళీ చిగురు లేచింది, అది లేతాకు. మీ డ్రైవర్నీ, మీ లాబ్ అమ్మాయినీ పంపండి. రెండూ వేరువేరు సంచుల్లో వాళ్ళ చేత్తోనే కోసుకు రమ్మనండి. మా వాళ్ళెవరూ ఆ పక్కకి రారు."

ఆయనకి వాళ్ళిద్దరినీ పంపక తప్పలేదు. ఎనభై మంది తననే చూస్తున్నారు.

ఆకు వచ్చేలోపు ఆమె ఇంకో పని చెప్పింది. "ఈ కుక్కర్లు మీరే కడగండి సార్."

"నేనా?"

"నేను కడిగితే అడుగున ఏదో పూశానంటారు. మీరు కడిగితే ఆ బెంగ ఉండదు."

మైకు మామ కొళాయి దగ్గరికి దారి చూపించాడు. చొక్కా చేతులు మడిచి, సబ్బు రాసి, పీచు పెట్టి, కంపెనీ కొనుగోలు ఆఫీసరు రెండు కుక్కర్లూ తోమాడు. పద్ధతైన మనిషి గనక మూతల్లోని రబ్బరు వాషర్లు కూడా ఊడదీసి కడిగాడు. ఆడవాళ్ళ వరసలోంచి ఎవరో "మా ఆయనకి కూడా చూపించాలి" అన్నారు.

ఆకు వచ్చింది. వెలగపండు రంగు సంచిలో ముదురాకు, నీలం సంచిలో లేతాకు. వాసన హాలంతా కమ్ముకుంది. ఆవిరక్క రెండు సంచుల్లోంచీ చెరో ఆకు తీసింది.

"నీ మెళ్ళో అద్దం ఇస్తావా తల్లీ?" అని అడిగింది లాబ్ అమ్మాయిని. ఆ అమ్మాయి ఆఫీసరు వంక చూసింది, తర్వాత తాడు తలమీంచి తీసి ఇచ్చేసింది.

ఆవిరక్క ముదురాకుని బోర్లించి, కిటికీ వెలుగుకి పట్టి, అద్దం మైకు మామ కంటికి ఆనించింది. "ఏం కనబడుతోంది మామా?"

"ఆకు."

"ఆకు అడుగున?"

ఆయన కాసేపు చూశాడు. ఆ మనిషి గొంతు మొదటిసారి తగ్గింది. "ఓరి... తేనె బొట్లు చల్లినట్టుంది. మెరుస్తున్నాయి. ముప్పై ఏళ్ళుగా ఈ ఆకు కోస్తున్నానమ్మాయ్, ఒక్కనాడూ తిప్పి చూడలేదు!"

"అవే నూనె గ్రంథులు. మనం తీసే నూనె కాడలో లేదు, వేరులో లేదు. ఈ బొట్లలోనే ఉంది. ఒక్కోటి ఒక్కో బుల్లి డ్రమ్ము. పైన పల్చటి పొర ఉంటుంది. ఆవిరి తగిలితే అది పగిలి లోపలి నూనె బయటికి వస్తుంది. మనం చేసేది అంతే, మూతలు తీయడం. డ్రమ్ములు నింపేది ఆకే."

అద్దం చేతులు మారుతూ వెనక వరసల దాకా వెళ్ళింది. "నాకేదీ", "తొయ్యకు", "కన్ను మూసుకుని చూస్తే ఎలా కనబడుతుందే" అని గోల. ఒక ముసలామె ఎంతకీ అద్దం వదల్లేదు.

ఆఫీసరు లేతాకు తీసుకుని తనూ చూశాడు. ముఖం విప్పారింది. "అమ్మా, మీ మాట ప్రకారమే చూద్దాం. లేతాకులో బొట్లు దగ్గరదగ్గరగా, ఎక్కువగా ఉన్నాయి. ముదురాకులో ఎడంగా ఉన్నాయి. మరి ముదిరితే నూనె గుణం పెరుగుతుందని మీరు మీ అన్నగారితో ఎలా వాదించారు?"

"బూర ఊదకముందు దాని మీది చుక్కలు దగ్గరగా ఉంటాయి. ఊదితే ఎడం జరుగుతాయి. చుక్కలు పోయినట్టా సార్?" అంది ఆవిరక్క. "ఆకు పెరిగింది, బొట్లు దూరం జరిగాయి. నేను చెప్పేది బొట్ల లెక్క కాదు. కుండ నిండటం వేరు, కుండలోది పండటం వేరు. లేతాకు బొట్టులో మెంథోన్ అనే పచ్చి సరుకు వాటా ఎక్కువ. అదే బొట్టులో, అదే ఆకు మీద, రోజులు గడిచేకొద్దీ ఆ మెంథోనే మెంథాల్‌గా మారుతుంది. పచ్చికాయ పులుపు పండులో తీపి అయినట్టు. ఇది నేను కనిపెట్టింది కాదు. మీ లాబ్ పుస్తకాల్లోనూ ఉంటుంది. కదమ్మా?"

అడిగింది లాబ్ అమ్మాయిని. ఆ అమ్మాయి తలెత్తలేదు గానీ "ఉంటుంది" అంది స్పష్టంగా.

"ఈ ఏడు కోత వేళకి పదహారు రోజులు వాన వదల్లేదు. మడిలో దిగితే మోకాలి దాకా బురద. కోత ఆగింది, ఆకు ముదిరింది. ఇది మీకూ తెలుసు సార్. ఆలస్యం అవుతుందని ఉత్తరం రాస్తే, అందింది అని మీరే సంతకం పెట్టారు."

ఆఫీసరు మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. "ఊహలు ఎన్నయినా చెప్పుకోవచ్చమ్మా."

"అందుకే కుక్కర్లు తెచ్చాను."

కుక్కర్లలో అడుగున నీళ్ళు, పైన చిల్లుల పళ్ళెం, పళ్ళెం మీద ఆకు. ఒకదాంట్లో ముదురు, ఒకదాంట్లో లేత. డ్రైవరు చేతే నింపించింది. విజిల్ తీసేసి ఆ చోట రాగి గొట్టం బిగించింది, ఫ్రిజ్‌లు బాగుచేసే అతని దగ్గర అడిగి తెచ్చినది. గొట్టం చుట్టలు చుట్టుకుంటూ ఐసు నీళ్ళ బకెట్టులోంచి దిగి, లాబ్ అమ్మాయి ఇచ్చిన సన్నటి గాజు గొట్టం మీద ఆగుతుంది. ఇటు ముదురాకుకి ఒకటి, అటు లేతాకుకి ఒకటి. కింద రెండు గ్యాసు పొయ్యిలు.

మంట పెట్టాక ఆవిరక్క మారిపోయింది. అంతవరకూ కోర్టులో నిలబడ్డ మనిషిలా ఉంది. ఇప్పుడు బట్టీ దగ్గరి మనిషి. ముంజేతి మీద పాత ఆవిరి మచ్చలు కనబడేలా చేతులు పైకి మడిచింది. గొట్టం చివర వేలు ఆనించి చూసి మంట తగ్గించింది. "గొట్టం వేడెక్కితే నూనె గాల్లో పోతుంది," అంది ఎవరితోనో కాదు, అలవాటుగా. ముందు పచ్చిగడ్డి వాసన వచ్చింది. "ఇంకా కాదు," అంది. తర్వాత ముక్కు లోపలి దాకా చల్లగా తగిలే వాసన. "ఇదీ," అంది. గాజు గొట్టంలో తెల్లటి నీళ్ళు చుక్కచుక్కగా పడి, వాటి మీద లేత పసుపు పొర తేలింది.

ముందు వరసలో నాన్న లేవకుండానే మెడ చాచి చూశాడు. చూసి, కళ్ళు దించుకున్నాడు. ఆవిరక్క అది గమనించింది. కూతురి మీద నింద పడ్డ బాధ అనుకుంది.

గంటన్నరకి రెండు గొట్టాల్లోనూ చిటికెన వేలి మందం నూనె తేలింది. అప్పటికి ఒకళ్ళూ లేచి వెళ్ళలేదు. వదిన బయటి నుంచి టీ తెప్పించింది. ఆఫీసరు వద్దన్నాడు.

ఆవిరక్క నూనెని నీళ్ళ మీంచి తేర్చి రెండు చిన్న సీసాల్లో పోసింది. లాబ్ అమ్మాయి చేత వాటి మీద 'ముదురు', 'లేత' అని రాయించింది. ఉప్పు కలిపిన ఐసులో రెండింటినీ మెడ దాకా పాతిపెట్టింది.

"మెంథాల్ మెండుగా ఉంటే చలికి గడ్డకడుతుంది, సూదులు సూదులుగా. తక్కువుంటే కట్టదు. ఇక దీనికి నేనూ అక్కర్లేదు, మీరూ అక్కర్లేదు. చలి చెబుతుంది."

హాలంతా కళ్ళప్పగించి కూర్చుంది. పావుగంట. అరగంట. ఏమీ లేదు. అన్నయ్య లేచి వచ్చి చెవిలో అన్నాడు. "చాలమ్మా. పంతానికి పోకు. సంతకం పెట్టేసేయ్. నిన్ను నేను చూసుకుంటాను, నీకు తక్కువ చేయను."

"నా తిండి సంగతి కాదన్నయ్యా. నేను తీసిన నూనె సంగతి."

"కొన్నిటికి తల వంచితేనే మిగతావి నిలబడతాయే."

"ఎవరి తల? నాదేగా? నాది వంగదు."

అతని ముఖంలో కోపం లేదు. ముందు వరస వైపు ఒకసారి చూసి, తన కుర్చీకి వెళ్ళిపోయాడు.

అప్పుడే ముసలామె అరిచింది. అద్దం వదలని ఆవిడే. "కట్టింది! ఇదుగో, కట్టింది!"

ముదురాకు సీసా గోడ మీద తెల్లగా ఒక సూది మొలిచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తూ చూస్తూండగానే సూదులు ఒకదాన్నొకటి అల్లుకుంటూ సీసా సగందాకా నిండాయి. లేతాకు సీసా మాత్రం కాస్త మసకబారి అలాగే ఉండిపోయింది. ఆవిరక్క రెండింటినీ చెరో చేతిలో పైకెత్తి పట్టుకుంది. ముదురు సీసా తలకిందులు చేసింది. గడ్డ కదల్లేదు.

"ఇదుగో సార్ మీరు చెప్పిన ఫ్యాక్టరీ. మీ డ్రైవరు కోసిన ఆకు, మీరు తోమిన కుక్కరు. నేనెక్కడ కలిపాను?"

హాలు బద్దలైపోయింది. మైకు మామ ఏమన్నాడో ఆయనకే తెలియాలి, ఎవరికీ వినబడలేదు.

ఆఫీసరు గోల తగ్గేదాకా ఆగి, లాబ్ అమ్మాయి ఒళ్ళో ఉన్న ఫైలు మీదికి వంగాడు. "ముచ్చటగా ఉంది. కానీ వంటింటి పరీక్షలు కంపెనీ ముందు నిలవవమ్మా. లాబ్ రిపోర్టు రిపోర్టే. మొదటి డ్రమ్ము, మెంథాల్ నూటికి ఎనభై రెండు. నిరుడు డెబ్బై ఐదు."

"ఆ కాగితంలోనే మెంథోన్ ఎంతుందో చదవండి."

"అది అవసరం లేదు."

"నాకు అవసరం."

ఆయన ఫైలు మూయబోయాడు. కానీ ఫైలు ఉన్నది లాబ్ అమ్మాయి ఒళ్ళో. ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఫైలు తెరిచింది.

"మొదటి డ్రమ్ము. మెంథోన్ మూడు. నిరుడు పది."

"అమ్మాయీ, కూర్చోండి," అన్నాడు ఆఫీసరు.

"ఒక్క నిమిషం సార్. వీళ్ళకి అర్థమయ్యేలా చెప్పి కూర్చుంటాను." హాలు వైపు తిరిగింది. "పాలల్లో నీళ్ళు పోస్తే ఏమవుతుంది? వెన్న తగ్గుతుంది, తీపి తగ్గుతుంది, అన్నీ ఒకే వాటాన పలచబడతాయి. బయటి మెంథాల్ పోసినా అంతే. మెంథాల్ పెరుగుతుంది, నూనెలో మిగతావన్నీ తగ్గుతాయి. ఇక్కడ అలా లేదు. మెంథాల్ ఏడు పెరిగింది, మెంథోన్ ఏడు తగ్గింది. తక్కినవన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే పోసింది కాదు. మారింది. ఆకులోనే."

ఆ అమ్మాయి ఉద్యోగం ఆ మూడు ముక్కలతో ఊగిసలాటలో పడిందని హాల్లో అందరికీ తెలుసు. ఆడవాళ్ళ వరసలోంచి ఒకామె లేచి తన కుర్చీ ఆమె పక్కన వేసుకుని కూర్చుంది.

ఆవిరక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఆ కాగితం ఏదీ? సంతకం కావాలన్నారుగా."

ఆఫీసరు అనుమానంగానే అందించాడు. ఆమె అచ్చు వేసిన వాక్యాల మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. కింద ఖాళీ జాగాలో పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాసినదాన్ని పైకి చదివింది కూడా.

"ఈ పదకొండు డ్రమ్ముల నూనెలో ఆకు తప్ప మరేమీ లేదు. దీనికి నా ప్రాణం పూచీ. బట్టీ తాళం రేపే తీస్తాను."

సంతకం పెట్టింది. తేదీ వేసింది. పెన్ను మూత పెట్టి మరీ తిరిగిచ్చింది.

చప్పట్లు ఆగలేదు. ఆ ఊపులోనే మైకు మామ లేచాడు. "ఒక్క డ్రమ్మే ఎందుకు? మాకు పరువు పోయింది పదకొండు డ్రమ్ముల మీద! అన్నీ చదువమ్మా, చెవులారా వింటాం!"

లాబ్ అమ్మాయి పేజీ తిప్పింది. "రెండో డ్రమ్ము. మెంథాల్ ఎనభై ఒకటి, మెంథోన్ నాలుగు. మారిందే." చప్పట్లు. "మూడో డ్రమ్ము, ఎనభై రెండు, మూడు." చప్పట్లు. నాలుగు. ఐదు. జనం పాట అందుకున్నట్టు ఆమెతో కలిసి "మారిందే!" అంటున్నారు.

"ఇక చాలు," అన్నాడు ఆఫీసరు. "నాకు ఇంకో చోట పని ఉంది. ఫైలు ఇలా ఇవ్వండి."

"ఆరో డ్రమ్ము—"

"ఇవ్వమన్నాను కదా!"

ఆయన కొనుగోలుకి వస్తున్న ఈ రెండేళ్ళలో ఆయన గొంతు పెంచడం అక్కడ ఎవరూ వినలేదు. అమ్మాయి ఆరోది చదివేసి పేజీ తిప్పింది. తిప్పి ఆగిపోయింది. వేలితో వరసలన్నీ పైనుంచి కిందికి మళ్ళీ చూసుకుంది. తలెత్తి ఆవిరక్కని చూసింది. మెల్లిగా, ఆమెకొక్కదానికే వినబడేలా అంది.

"అక్కా... ఎనిమిదోది చదవనా?"

ఆవిరక్క ఆ ప్రశ్నకి అర్థం తెలియనంత అమాయకురాలు కాదు. ఊ అంటే చాలు, అమ్మాయి రెండు పేజీలు కలిపి తిప్పేస్తుంది. చప్పట్లు కొడుతున్నవాళ్ళెవరూ లెక్కపెట్టడం లేదు. సంతకం నిలబడుతుంది, బట్టీ తెరుచుకుంటుంది, ఇవాళ్టి గెలుపు గెలుపుగా ఉండిపోతుంది.

"ఆరు తర్వాత ఏడు వస్తుంది తల్లీ," అంది, అందరికీ వినబడేలా. "ఏడు చదువు."

"ఏడో డ్రమ్ము. మెంథాల్... ఎనభై ఏడు." అమ్మాయి ఆగింది. "మెంథోన్ తగ్గింది. మిగతావీ తగ్గాయి. అన్నీ. ఒకే వాటాన, నాలుగో వంతు పైనే తగ్గాయి."

"మారిందే" అనడానికి నోరు తెరిచిన జనం తెరిచిన నోరు అలాగే పెట్టుకున్నారు. పాలూ నీళ్ళ లెక్క అరగంట కిందటే నేర్చుకున్నారు. ఎవరికీ మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఏడో డ్రమ్ములో ఎవరో పోశారు.

ఆవిరక్క బల్ల అంచు పట్టుకుంది. ఏడో డ్రమ్ము. వానలు వెలిశాక రెండో వారం. అది నింపిన రెండు రోజులూ తను జ్వరంతో మంచం మీంచి లేవలేదు. బట్టీ ఆగకూడదని... బట్టీ దగ్గర...

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. అతను తల వంచుకుని ఉన్నాడు. అంటే అతనికి ముందే తెలుసు. చెల్లెలి చేత సంతకం పెట్టిస్తే ఈ పేజీ దాకా ఎవరూ రారని, ఆ నింద చెల్లెలి దగ్గరే ఆగిపోతుందని, అంతకంటే మోయలేని చోటికి వెళ్ళదని లెక్కేసుకున్నాడు. పిరికివాడని ఇన్నాళ్ళూ తిట్టుకుంది అతన్ని.

అయితే ఆ క్షణంలో ఆమెకి ఇంకొకటి కూడా కనబడింది. ఇప్పుడు ఈ హాల్లో అందరికంటే సంతోషించాల్సింది ఆఫీసరు. పడిపోయిన కేసు ఒక్క పేజీతో లేచి కూర్చుంది. కానీ ఆయన సంతోషించడం లేదు. నవ్వడం లేదు, వేలు చూపించడం లేదు, "చూశారా" అనడం లేదు. లాబ్ అమ్మాయి చేతిలోంచి ఫైలు లాక్కుని, సంచిలో కుక్కుకుంటూ, డ్రైవరుకి కారు తీయమని సైగ చేస్తున్నాడు.

గెలిచినవాడు ఎందుకు పారిపోతున్నాడు?

"సార్," అంది. "ఈ పేజీ మీ దగ్గర మొదటి నుంచీ ఉంది. ఇదొక్కటి చదివితే నా నోరు మూతపడేది. మొదటి పేజీ ఎందుకు చదివారు?"

ఆయన సంచి జిప్పు పడటం లేదు.

ముందు వరసలో చేతికర్ర నేల మీద ఒకసారి మోగింది. నాన్న లేచాడు. అన్నయ్య బల్ల చుట్టూ తిరిగి పరిగెత్తుకు వచ్చాడు. "నాన్నా, వద్దు. కూర్చోండి. నేను చూసుకుంటాను, మీరు కూర్చోండి."

"నువ్వు కూర్చోరా అబ్బాయ్," అన్నాడు నాన్న. "ఇన్నాళ్ళూ నువ్వు కూర్చోమంటే కూర్చున్నాను. మీ చెల్లెలు లేచి నిలబడ్డాక నాకు కూర్చోబుద్ధి కావడం లేదు."

హాల్లోకి తిరిగాడు. ఎనభై మంది. వాళ్ళలో సగం మందికి ఆకు ఎప్పుడు కోయాలో నేర్పింది ఆయనే.

"అమ్మాయి జ్వరంతో పడుకున్న ఆ రెండు రోజులూ బట్టీ చూసింది నేను. ఏడో డ్రమ్ములో పోసింది నేను. నా ఈ చేత్తోనే పోశాను. మందు అన్నారు, నూనె నిలవ ఉండటానికన్నారు, కంపెనీ పంపిందన్నారు. నమ్మాను. తెల్లటి డబ్బా. అది ఇంకా నా దగ్గరే ఉంది." ఆయన కర్ర ఎత్తి గుమ్మం వైపు చూపించాడు. "అది తెచ్చి నా చేతిలో పెట్టిన మనిషి ఇప్పుడు మన ముందు నుంచే వెళ్ళిపోతున్నాడు."

కొనుగోలు ఆఫీసరు అప్పటికి గుమ్మానికి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

మైకు మామ ఏమీ అరవలేదు. నింపాదిగా నడిచి వెళ్ళి, తలుపు మూసి, గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.